ముందుగాల బ్రేకు చూసుకో

మా మేనత్త పోయిన నాడు హుస్నాబాద్‌లో ఆమె అంత మంచి మనిషి మరొకరు లేరు. పొద్దున్నే మా వాకిట్లో చేరిన జనంలో ఒకాయన "దేవత అసుంటి మనిషి" అన్నాడు. ఇంకొకావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "ఎవల జోలికి పోయేది కాదు" అంది. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. ఎవరి జోలికీ పోని మనిషి కోసం ఏడవాలనుకుంటే ఆవిడ వేరే ఇంటికి వెళ్లాలి. దారి తప్పి మా ఇంటికి వచ్చి ఉంటుంది.

మా అత్త ఊళ్లో అందరి జోలికీ పోయేది. తిట్టడంలో ఆమెకొక పద్ధతి ఉండేది. మొదట మనిషి మీసాన్ని, తర్వాత అతని బర్రెను, చివరికి అతన్ని తిట్టేది. బర్రెను తిట్టినప్పుడే జనం ఎక్కువ నొచ్చుకునేవారు. మా అత్త పొడుగ్గా, బక్కగా, నిలబెట్టిన నిచ్చెనలా ఉండేది. రోజంతా రాట్నం ముందు కూర్చుని, తన తమ్ముడైన మా బాపు మగ్గానికి నూలు చుట్టేది. పోగు తెగితే వేలికి ఉమ్మి తడి చేసుకుని అతికిస్తూ, తెగినందుకు ఆ పోగును, పండినందుకు ఆ పత్తిని కూడా తిట్టకుండా వదిలేది కాదు.

ఆమె పేరు నేను ఇక్కడ రాయడం లేదు. దాచాలని కాదు. ఆమె పద్దెనిమిదో ఏట మొగుడు జ్వరంతో పోయి పుట్టింటికి తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఊళ్లో ఎవరూ ఆ పేరు వాడలేదు. ఊరు ఆమెకు వాడిన మాట వేరే ఉంది. మొగుడు చనిపోయిన ప్రతి ఆడమనిషికీ అదే మాట వాడతారు కనుక ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసిన పని లేదు. మర్యాద తెలిసినవాళ్లు "ఆమె" అనేవారు. అంతకు మించిన మర్యాద మా ఊళ్లో దొరకదు.

ఇక బస్సు సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మా అత్తను గురించి ఏమీ చెప్పనట్టే.

మా ఊరి నుంచి కరీంనగర్‌కు పొద్దుటి బస్సు ఒకటి ఉంది. దానికొక డ్రైవరు. బస్సుకు చక్రాలెన్ని ఉన్నాయో అంతకు రెట్టింపు భయాలు అతనికి ఉన్నాయి. ముందు అద్దం నిండా దేవుళ్ల పటాలే. దేవుళ్ల సందుల్లోంచి రోడ్డు అక్కడక్కడా కనిపించేది. బండి తీసే ముందు కొబ్బరికాయ కొట్టి, ఎదురుగా ఎవరొస్తున్నారో చూసేవాడు. ముత్తయిదువ వస్తే మంచిది. పాలకుండ వస్తే మరీ మంచిది. మొగుడు లేని ఆడమనిషి ఎదురొస్తే మాత్రం ఇంజన్ ఆపి, దిగి, బీడీ కాల్చి, కాళ్లు కడుక్కుని, మళ్లీ మొదటి కొబ్బరికాయ నుంచి మొదలు.

మా అత్త వారం వారం తువ్వాలల మూట నెత్తిన పెట్టుకుని కరీంనగర్ దుకాణానికి వెళ్లేది. ఒకనాడు ఆమె బస్సుకు ఎదురుగా నడిచొచ్చింది. ఆనాడే, రెండో కొబ్బరికాయ కొట్టి బయల్దేరినా, చిగురుమామిడి దాటాక బస్సు కాలువలోకి దిగింది. మనుషులకు దెబ్బలు తగల్లేదు. సీటు కింద బుట్టలో ఉన్న కోడి ఒకటి చచ్చింది. దాన్ని డ్రైవరే ఇంటికి తీసుకెళ్లి కూర వండించుకున్నాడు. ఆ కోడికి పొద్దున్నే ఎవరు ఎదురొచ్చారో ఎవరూ విచారించలేదు. బస్సుకు ఎవరు ఎదురొచ్చారో మాత్రం ఊరంతా విచారించింది.

"గామె ముంగట ఉంటె నేను బండి తియ్య" అన్నాడు డ్రైవరు.

పెద్దమనుషులు కూర్చున్నారు. మా బాపు కూడా కూర్చున్నాడు. వాళ్లు చేసిన తీర్పు ఇది: బస్సు కదిలేదాకా ఆమె చాయ్ హోటల్ గోడ వెనుక నిలబడాలి. కదిలాక వెనుక తలుపు నుంచి ఎక్కవచ్చు. అంటే కదలకముందు ఆమె అపశకునం, కదిలాక టికెట్టు.

ఆనాటి నుంచి వారానికొకసారి మా ఊరికి సర్కస్సు. బస్సు కదిలేది. గోడ వెనుక నుంచి మా అత్త, నెత్తిన మూట, ఒక చేత్తో మూట అంచు, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకుని ఉరికేది. కండక్టరు ముందు మూటను లాగేవాడు, తర్వాత ఆమెను. కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టి "ఉరుకు, ఉరుకు" అని ప్రోత్సహించేవారు. ఊరు దాటేసరికి ఆమెకు ఊపిరి అందేది. అందినప్పటి నుంచి కరీంనగర్ దాకా మీసం, బర్రె, మనిషి వరసలో డ్రైవరుకు పూజ జరిగేది. అతను మే నెలలో కూడా చెవులకు మఫ్లరు చుట్టుకునేవాడు.

"గీ పరేషానెందుకక్కా, ఇంట్ల కూసో. తువ్వాలలు దుకాణానికి నేను కొంటబోత" అనేవాడు మా బాపు.

"నువ్వు కొంటబోతవ్! మొన్న మేకనమ్మబోయి తాడు గూడ ఇచ్చొచ్చినవ్" అనేది.

ఇట్లా ఏళ్లు గడిచాయి. నేను కరీంనగర్‌లో కాలేజీ పేరు మీద సినిమాలు చదువుతున్న రోజుల్లో, మద్రాసులో మోటారు వర్క్‌షాపులో పనిచేసే మా వాడకట్టు సత్తయ్య సెలవు మీద వచ్చాడు. మా వాకిట్లో కూర్చుని కార్ల పందెం సంగతి ఎత్తుకున్నాడు.

"మద్రాసు అవుతల షోలవరం అని ఉన్నది. ఎన్కట లడాయిల ఇమానాలు దిగిన బాట. గాడ ఏటా కార్లు ఉరికిస్తరు. కలకత్తకెల్లి, బొంబాయికెల్లి వస్తరు. ఏం చప్పుడు! ఏం ఉరుకుడు!"

నాకు మోటారు పిచ్చి. చేతిలో సైకిలు కూడా లేని వాడికి ఉండవలసినంత పిచ్చి. నేను ఏదో అడగబోయే లోపల అటు పక్కన రాట్నం ఆగింది.

"ఏం సత్తిగా, గా బండ్లకు ఎదురుంగ ఎవలుంటరు?" అంది అత్త.

"ఎదురుంగనా? జనముంటరు చిన్నమ్మా. జాతరోలె. బాటకు అటీటు నిలవడ్తరు."

"ఎవలు ఎదురొస్తున్నరో చూసుకొనే ఇడుస్తరా బండి?"

సత్తయ్య నవ్వాడు. "జండా ఊపుతరు. జండా ఊపినంక దేవుడెదురొచ్చినా ఆగరు."

అత్త చేతిలోని పోగును తిట్టకుండా పక్కన పెట్టింది. అది మా ఇంట్లో వింత. తర్వాత "నేనొస్త" అంది.

మా బాపు మగ్గం గుంటలోంచి తల ఎత్తాడు. "ఏడికొస్తవ్? తిరుపతి పోతనంటె నేనే తోలుకపోదును. కార్ల పందెమేందక్కా, నలుగురు నవ్వరా?"

"తిరుపతిల దేవుడు నిలవడి ఉంటడు. నాకు ఉరికేటియి గావాలె" అంది. నలుగురు నవ్వుతారని మా బాపు భయం. వారం వారం బస్సు వెనుక ఉరికే మనిషికి ఆ భయం ఎట్లా పెడతారు?

సత్తయ్యతో పాటు అత్త, నేను కాజీపేటలో రైలెక్కి మద్రాసు చేరాం. సత్తయ్య గది పెరంబూరులో. తెల్లవారి లేచి చూస్తే అత్త లేదు. నేనూ సత్తయ్యా గాభరాగా వెతుకుతూ పోతే దగ్గరి బస్సుల అడ్డాలో, ఇంకా ఎవరూ ఎక్కని మొదటి బస్సులో, మొట్టమొదటి సీట్లో, డ్రైవరు వీపు వెనుకే నిటారుగా కూర్చుని ఉంది. బొట్టు లేని నుదురు, గాజులు లేని చేతులు అందరికీ కనిపించేట్టుగా. కండక్టరు ఆమెను చూసి ఏదో అరిచాడు.

"ఏమంటుండు?" అని సత్తయ్యను అడిగింది. గొంతులో యుద్ధం సిద్ధంగా ఉంది.

"లోపలికి జరుగుమంటుండు చిన్నమ్మా. ఇంకొకలు కూసుంటరట."

"గంతేనా?"

"గంతే."

ఆ బస్సులో చివరిదాకా వెళ్లి, దిగకుండా మళ్లీ వెనక్కి వచ్చింది. మరునాడు కూడా అంతే. మద్రాసులో శకునాలు లేవని నేననను. అక్కడ జనం ఎక్కువ, శకునానికి చోటు లేదు, అంతే. మనుషులు ఆమెకు ఎదురొచ్చి, భుజాలు తగిలించి, తిట్టి మరీ పోయేవారు. అట్లా తిట్టించుకుని అంత సంతోషపడిన మనిషిని నేను చూడలేదు. "చూసినవారా? తప్పుకోమంటుండు గని, ఎనుకకు మర్లిపోతలేడు!"

సముద్రం దగ్గర మోకాళ్ల దాకా దిగి, "గిన్ని నీళ్లు పెట్టుకొని మన దిక్కు ఒక్క చెరువు నింపవైతివి" అని దాన్నీ తిట్టింది. హోటల్లో ఇడ్లీ తిని, ఉప్పు తక్కువని సర్వరుకు తెలుగులో చెప్పింది. అతను అరవంలో జవాబిచ్చాడు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు, ఒక్క ముక్క అర్థం కాకుండా, తృప్తిగా. ఒక పూలామె తలలో పెట్టుకొమ్మని మల్లెమూర చేతిలో పెట్టింది. తలలో పెట్టుకోలేదు. పారేయనూ లేదు. సాయంత్రం దాకా పిడికిట్లో పట్టుకుని వాసన చూస్తూ తిరిగి, చివరికి సత్తయ్య సైకిలు హ్యాండిలుకు చుట్టింది. నేను మద్రాసు చూద్దామని వెళ్లి, మా అత్త మద్రాసుకు ఎదురెళ్లడం చూసి వచ్చాను.

పందెం నాడు పొద్దెక్కకముందే షోలవరం చేరాం. దుమ్ము, పెట్రోలు వాసన, పల్లీలమ్మేవాళ్లు, రంగు గొడుగుల కింద నల్లద్దాల ఆడవాళ్లు. బాట పక్కన గడ్డిమోపులు పేర్చి తాళ్లు కట్టారు. మేము మొదటి మలుపు దగ్గర, సరిగ్గా తాడు వెంబడి చోటు సంపాదించాం. అక్కడి నుంచి చూస్తే కార్లు తిన్నగా మన మొహం మీదికే వస్తాయి. "గీడనే" అంది అత్త, తాడు రెండు చేతులా పట్టుకుని.

ఇంజన్లు మొదలయ్యాయి. భూమి అదిరింది. జెండా లేచింది. పక్కకు తిరిగి చూస్తే అత్త లేదు.

జనంలో తోసుకుంటూ వెనక్కి వెళ్లాను. సోడా బండి వెనుక ఉంది. బండికి వీపు ఆనించి, ఒక చేత్తో కుచ్చిళ్లు ఎత్తి, ఇంకో చేత్తో నెత్తిన లేని మూటను పట్టుకుని, ఉరకడానికి ఒక కాలు ముందుకు పెట్టి.

"కదిలినయా?" అంది.

బండ్లకు ఎదురు నిలబడాలని అంతదూరం వచ్చిన మనిషిని, ఇంజన్ చప్పుడు వినగానే కాళ్లు తమంతట తామే గోడ చాటుకు తీసుకుపోయాయి. అక్కడ గోడ లేకపోతే సోడా బండి.

తానెక్కడున్నదో ఆమెకు అప్పుడు తెలిసింది. "థూ, గీ కాళ్లు పాడుగాను!" అని తొడల మీద రెండు చేతులా కొట్టుకుంది. "కాడికి అలవాటు జేసి ఎద్దునోలె మరిపిండ్రురా నన్ను! ఎద్దునోలె!" సోడాలమ్మేవాడు భయపడి ఒక సోడా కొట్టి ఇచ్చాడు. దాన్ని పక్కకు నెట్టి తాడు దగ్గరికి వచ్చింది. రెండో పందెం మొదలైనప్పుడు చీర కొంగును తాడుకు కట్టుకుంది. ఈసారి కాళ్లు వెళ్లినా కొంగు వెళ్లదు.

కార్లు వచ్చాయి. ఆమె మొహం మీదికి వచ్చి, మలుపు తిరిగి పోయాయి. చుట్టు తిరిగి మళ్లీ వచ్చాయి.

"ఇగో, మల్ల ఎదురొచ్చిన! ఓరి, గీనికిది ఎన్నోసారి! ఒక్కపారి ఎదురైతేనే బస్సు కాల్వల వడె. ఇన్నిసార్లు ఎదురైతే గీడు మబ్బులకెల్లి కింద వడాలె!" గొంతు చించుకుని అరుస్తోంది. చుట్టూ ఉన్నవాళ్లకు భాష తెలియకపోయినా నవ్వుతున్నారు.

అప్పుడొక ఎర్ర కారు మలుపు తిరగలేదు. చక్రాలు కీచుమని, పక్కకు జారి, మా ఎదుటి గడ్డిమోపుల్లోకి దూసుకుపోయి ఆగింది. గడ్డి పైకి లేచి మా నెత్తిన పడింది.

నేను కారు వైపు చూడలేదు, అత్త వైపు చూశాను. ఇన్నేళ్లుగా అదంతా ఉత్తదేనని ఊరినంతా తిట్టిన మనిషి ముఖంలో, ఉత్తది కాదేమోనన్న భయం తెల్లగా నిలబడింది. ఆమె మద్రాసు వచ్చింది ఊరికి రుజువు చూపడానికి కాదు, తనకు తాను తెలుసుకోవడానికని నాకు అప్పుడు అర్థమైంది.

కారులోంచి ఒక కుర్రవాడు దిగాడు. దెబ్బలేమీ లేవు. చక్రాన్ని ఒక తన్ను తన్ని, మొహం తుడుచుకుంటూ తాడు వెంబడి నడిచొచ్చాడు. మా అత్త కాళ్ల దగ్గర ఊరి నుంచి తెచ్చుకున్న నీళ్ల చెంబు కనిపించి, తాగడానికి కావాలని సైగ చేశాడు. ఇచ్చింది. తాగుతున్నవాణ్ణి పట్టుకుని అడిగింది.

"బిడ్డా, నువ్వు నన్ను చూసినవా? నన్ను చూసినంకనే గట్లయిందా?"

అతను నెల్లూరు వైపు వాడట. "నిన్నా? నాకు రోడ్డే కనపడలేదు, ఇంక నిన్నేడ చూస్తానమ్మా! బ్రేకు పట్టలా, అంతే."

"బ్రేకా?"

"బ్రేకే. పొద్దునే చూసుకోవాల్సింది, చూసుకోలా. తప్పు నాదే."

చెంబు చేతికిచ్చి వెళ్లిపోయాడు. గాడి తప్పిన బండి పక్కన నిలబడి తప్పు నాదే అన్న మగవాణ్ణి మా అత్త జన్మలో మొదటిసారి చూసింది. తాడుకు కట్టిన కొంగు విప్పుకుంది. "బ్రేకట!" అంది నాతో. కాసేపాగి సత్తయ్యతో "బ్రేకట!" అంది. తిరిగి వచ్చేటప్పుడు లారీలో పక్కన కూర్చున్న అరవావిడకు కూడా చెప్పింది. ఆ పందెం ఎవరు గెలిచారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంటికి వచ్చిన వారంలోనే, బస్సు బయల్దేరే వేళకు, నెత్తిన మూటతో మా అత్త వెళ్లి బస్సు ముందు నిలబడింది.

"జరుగమ్మా" అన్నాడు డ్రైవరు.

"జరగ. ముందుగాల బ్రేకు చూసుకో. చూసుకొని తోలు. నేను ఎక్కినంక తోలు."

"పొద్దుగాల పొద్దుగాల ఏం దరిద్రమిది! ఎవలన్న తియ్యుండ్రి గామెను!"

"నా మొగడు జొరమొచ్చి సచ్చె. నీ బండి బ్రేకు వడక కాల్వల వడె. నడుమ నేనేం జేసిన్రా?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన వాళ్లు బస్సు నిండా ఉన్నారు. ఒక పంతులు గడియారం చూసుకున్నాడు. కోర్టుకు పోయే ఒకాయన "టైమైతున్నది" అన్నాడు. ఎవరో పరుగున వెళ్లి మా బాపును పిలుచుకొచ్చారు. మా బాపు, ఏ మనిషి నూలు చుడితే ఆయన మగ్గం ఆడుతుందో ఆ మనిషి జబ్బ పట్టుకుని, "నా ఇజ్జత్ తియ్యకక్కా" అని పక్కకు లాగాడు. మూట కింద పడింది. బస్సు కదిలింది. జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు, ఉరుకుతుందేమోనని. ఆ ఒక్కరోజు ఆమె ఉరకలేదు.

పై వారం మళ్లీ గోడ వెనుకే. ఇంటి తిండి ఆ తువ్వాలల మీద నడుస్తోంది మరి. తేడా ఒక్కటే. బస్సు వెంట ఉరుకుతూ, ఊపిరి ఉన్నంత మేరకు "బ్రేకు చూసుకోరా! బ్రేకు!" అని అరిచేది. పిల్లలు దాన్ని ఆటగా నేర్చుకున్నారు. ఇంట్లో కూడా ఏది చెడినా అదే మాట. అన్నం మాడితే బ్రేకు. వాన పడకపోతే దేవుడికి బ్రేకు. నేను పరీక్ష తప్పినప్పుడు మా అవ్వ గ్రహచారం అంటే, "గ్రహచారం గాదు, గీనికి బ్రేకే లేదు" అంది అత్త.

మొన్నటి వానాకాలం, బస్సు మెట్టు తడిసి ఉంది. కండక్టరు చేతికి మూట అందింది. ఆమె అందలేదు. తుంటి విరిగింది.

డ్రైవరు చూడటానికి వచ్చాడు. మా వాకిట్లో పీట మీద కూర్చుని, చాయ్ తాగి, తల ఊపుతూ అన్న మాట నేను చచ్చేదాకా మరవను. "కదిలే బండి ఎందుకెక్కాలె? జర ముందుగాలొచ్చి కూసోవద్దా?"

మంచం మీది నుంచి ఆమె మీసం దగ్గరే మొదలుపెట్టింది. బర్రె దాకా వెళ్లలేకపోయింది. ఊపిరి సరిపోలేదు. చలికాలం రాకముందే పోయింది.

పాడె మోసిన నలుగురిలో నేనొకణ్ణి. మా బాపు నిప్పుకుండ పట్టుకుని ముందు నడుస్తున్నాడు. చాయ్ హోటల్ మలుపు తిరిగేసరికి పొద్దుటి బస్సు అప్పుడే బయల్దేరి ఎదురొచ్చింది. ఆగింది. దానంతట అది, ఆమె కోసం, మొదటిసారి. డ్రైవరు దిగాడు. చెప్పులు విడిచాడు. చేతులు జోడించాడు. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి.

"శవమెదురొచ్చింది. శుభం. ఇయ్యాల పోయిన పనైతది" అన్నాడు కోర్టాయన.

"మంచి శకునం" అన్నాడు డ్రైవరు, కళ్లకద్దుకుని.

నేను ఆగాను. మూడు భుజాల మీద పాడె నడవదు కనుక మిగతా ముగ్గురూ ఆగారు.

"దింపుండ్రి" అన్నాను.

దారిలో ఒకచోట పాడె దింపి, ఏ మూలో ప్రాణం మిగిలి ఉందేమోనని చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలవడం మా దిక్కు ఆచారం. దింపుడుకళ్లం అంటారు. దానికి వాగు దగ్గర చోటుంది.

"గీడ గాదుర, వాగు కాడ" అన్నారు వెనుక నుంచి.

"గీడనే."

బస్సు ముందు, సరిగ్గా రెండు దీపాల నడుమ, అత్తను పడుకోబెట్టాం.

"జర పక్కకు పెట్టుండ్రి తమ్మీ, టైమైతది" అన్నాడు డ్రైవరు.

"మంచి శకునమంటివి గదా. కడుపు నిండ చూడు."

మా బాపు కుండ కింద పెట్టి, వంగి, ఆమె చెవిలో పేరు పిలిచాడు. మొదటిసారి ఆయనకు మాత్రమే వినిపించింది. రెండోసారి మాకు వినిపించింది. మూడోసారి వీధంతా వినిపించింది. బస్సులోంచి ఒక ఆడమనిషి "ఎవల పేరది?" అని పక్కావిడను అడిగింది. పక్కావిడకూ తెలియదు.

పిలిచాక జవాబు కోసం కాసేపు ఆగాలి. నేను ఆచారం కంటే ఎక్కువసేపే ఆగాను. డ్రైవరు ఒకసారి నన్ను, ఒకసారి ఆమెను చూసి, వెళ్లి ఇంజన్ ఆపేశాడు. అప్పుడు ఎత్తుకున్నాం.

ఆ సాయంత్రం బస్సు కరీంనగర్ నుంచి క్షేమంగా తిరిగొచ్చింది. పొద్దుటి శకునం మహిమ అని ఊళ్లో చెప్పుకున్నారు. బ్రేకు చూసుకున్నావా అని డ్రైవరును ఎవరూ అడగలేదు. అడిగే మనిషిని పొద్దున్నే కాల్చి వచ్చాం.